అత్తమ్మ గోడ మీది చెరువు

ఉగాదికి ముందు ఇంటికి రంగులు వేయించాం. రంగులు వేయించడమంటే గోడల పని కన్నా సామాన్ల పంచాయితీ ఎక్కువ, ఇల్లు నడిపే ఆడవాళ్లందరికీ తెలిసిందే. ఏది మళ్లీ గోడెక్కాలి, ఏది అటకెక్కాలి, ఏది పాత సామాన్ల బండికి పోవాలి, ఇవన్నీ తేలేసరికి ఇంట్లో ఎవరి మాటకు ఎంత విలువో కూడా తేలిపోతుంది. మా ఇంట్లో ఈసారి ఆ తేలడం మా అత్తమ్మ సీనరీ దగ్గర జరిగింది.

సీనరీ అంటే మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది, లేదా మీ అమ్మావాళ్ల ఇంట్లో ఉండేది. మాది రెండడుగుల వెడల్పు, గాజు పలక, బంగారు రంగు పోయి నల్లబడిన చెక్క ఫ్రేము. లోపల ఒక చెరువు. చెరువు మధ్యలో చిన్న దిబ్బ, దిబ్బ మీద ఒక మండపం. మండపం కప్పు అంచులు గొడుగు తిరగబడ్డట్టు పైకి లేచి ఉంటాయి. నీలమో పచ్చో తెలియని చెట్లు, గులాబీ రంగు మబ్బులు, ఒక పడవ, పడవలో ఇద్దరు. మండపం మెట్ల మీద పట్టుబట్టలు కట్టుకుని గొడుగు పట్టుకుని కూర్చున్న ఒకామె. అంతే బొమ్మ. కొండారెడ్డి బురుజు దగ్గర ఫ్రేములు కట్టే అంగట్లో, పెళ్లయి కర్నూలు వచ్చిన కొత్తలో అత్తమ్మ కొనుక్కుందట. ఆమె తన చేత్తో తనకోసం కొనుక్కున్న మొదటి వస్తువు అదేనని మా మామయ్య ఉన్నప్పుడు నవ్వుతూ చెప్పేవారు.

రంగులవాళ్లు హాలు ఖాళీ చేయమన్నప్పుడు అన్నిటితో పాటు అదీ దిగింది. పని అయ్యాక టీవీ మళ్లీ ఎక్కింది, దేవుడి పటాలు ఎక్కాయి, పిల్లల ఫోటోలు ఎక్కాయి. సీనరీ ఎక్కలేదు. "అది మరీ పాతగా ఉంది, గోడకు నప్పదు" అన్నారు మావారు. "మమ్మీ, ఎవరన్నా వస్తే నవ్వుతారు" అన్నాడు కొడుకు. నేనేమన్నాను? ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే నాకూ అది దిగితే బాగుండుననే ఉండేది. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, నాకూ కాస్త అభిరుచి ఉందని నా నమ్మకం. ఆ గులాబీ మబ్బులంటే నాకు పాతికేళ్లుగా చిరాకు.

అత్తమ్మను అడిగామా అంటే, అడిగినట్టే అడిగాం. "అత్తమ్మా, దాన్ని పైన పెట్టేదా?" అన్నాను. "పెట్టేయండి, నాదేముంది" అంది. ఆ మాటకు అర్థం తెలియని కోడళ్లు ఉండరు. తెలిసీ తెలియనట్టు అటక మీద పెట్టించాను. ఆ తర్వాత వారం రోజులు ఆమె తన కుర్చీలో కూర్చుని కొత్త రంగు గోడ వైపు చూస్తూ ఉండేది. మేకు కొట్టిన చోట పూత సరిగ్గా అంటక చిన్న గుంట మిగిలింది. ఆమె చూపు ఆ గుంట దగ్గరే ఆగేది. నేను చూసి కూడా వంటింట్లోకి పోయేదాన్ని.

మా అమ్మాయి కడపలో, 2020లో పెట్టిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బొమ్మలు గీయడమే చదువుగా చదువుతోంది. పండక్కి వచ్చింది. రాగానే "జేజి బొమ్మ ఏదీ?" అంది. అటక మీద నుంచి దించి, గుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర పెట్టుకుని చూసింది. చూసి "అమ్మా, ఇది రొకోకో వరస బొమ్మ, తెలుసా" అంది. నాకు తెలియదని దానికి తెలుసు.

తర్వాత అది చెప్పిన సంగతులు నాకు నచ్చాయి, మీకూ చెబుతాను. రొకోకో అనేది 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో పుట్టిన పద్ధతి, 15వ లూయీ కాలంలో బాగా సాగింది. రోకాయ్ అనే ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు వచ్చింది. తోటల్లో రాళ్లూ గవ్వలూ అతికించి కట్టే గుహల్లాంటి అలంకారాన్ని రోకాయ్ అనేవారట. "అంటే రాళ్ల పనే కదా, మన రాళ్లసీమకు దగ్గరిదే" అన్నాను నేను. అది నవ్వింది. ఆ కాలపు దొరలకు, దొరసానులకు పెద్ద పెద్ద యుద్ధాల బొమ్మలూ రాజుల బొమ్మలూ విసుగొచ్చాయి. ఇంట్లో గోడకు హాయిగా ఉండే బొమ్మలు కావాలన్నారు. తోట, నీళ్లు, పడవ, కబుర్లు చెప్పుకునే జంటలు. ఫ్రాన్స్వా బూషే అనే చిత్రకారుడికి ఇందులో గొప్ప పేరు. రాజుగారికి దగ్గరైన పాంపడూర్ దొరసాని ఆయన్ను ఆదరించింది.

మరి ఆ తిరగబడ్డ గొడుగు లాంటి మండపం ఏమిటి? అది చైనా మండపమట. అప్పుడు ఓడల మీద చైనా పింగాణీలు, పట్టువస్త్రాలు, లక్క పెట్టెలు ఐరోపాకు వెళ్లేవి. వాటి మీది బొమ్మలు చూసి అక్కడివాళ్లు చైనా అంటే ఇలా ఉంటుందేమో అని ఊహించుకుని గీసేవారు. 1742లో బూషే చైనా వరస బొమ్మలు గీశాడు. బోవే అనే ఊళ్లో వాటిని చూసి గోడకు వేలాడదీసే పెద్ద పెద్ద బట్టలు నేశారు. ఆ బొమ్మల్లో చైనా తోట ఒకటి. దాన్ని ఫోన్లో చూపించింది. నీళ్లు, చెట్లు, గొడుగు, కబుర్లాడే ఆడవాళ్లు. మా సీనరీకి పెద్దమ్మలా ఉంది! ఇంతకీ బూషే తన జన్మలో చైనా వెళ్లలేదు. పైగా ఆ నేత బట్టల్లో ఒక వరసను ఫ్రాన్సువాళ్లు చైనా చక్రవర్తికే కానుకగా పంపించారట. తన దేశాన్ని ఊహించి నేసిన బట్టను ఆయన ఏమనుకుని చూశాడో!

"మనల్నీ అలాగే ఊహించుకున్నారు వాళ్లు" అంది అమ్మాయి. మన మచిలీపట్నం వైపు నుంచి వెళ్లిన అద్దకం బట్టలంటే ఫ్రాన్సులో అంత మోజు పెరిగిందట, తమ నేతగాళ్లు దెబ్బతింటారని అక్కడి ప్రభుత్వం 1686 నుంచి 1759 దాకా వాటిని నిషేధించింది. అయినా దొంగతనంగా కట్టుకునేవారట. వాళ్లకు మన తీరమూ ఎక్కడో దూరాన పూలతీగలతో నిండిన తోట. ఆ తీగలు అద్దినవాళ్ల చేతులకు అంటిన రంగు, చెరువు గట్టున ఎండలో బట్ట ఉతికినవాళ్ల నడుము నొప్పి ఆ దొరసానులకు తెలిసే దారి లేదు.

ఇక్కడ నాకు పట్టు దొరికింది. "అదే కదా నేను చెప్పేది! అబద్ధం బొమ్మ. చూడని దేశం, లేని చెరువు. అలాంటిది మన గోడ మీద ఎందుకు?" అన్నాను. అని ఊరుకోలేదు. నేను పుట్టింది పోరుమామిళ్ల దగ్గరి పల్లెలో. చెరువు కింద పుట్టినదాన్ని, నాకు చెరువు గురించి చెప్పేదెవరు?

పోరుమామిళ్ల చెరువు సంగతి మన కడప జిల్లావాళ్లలోనే చాలామందికి తెలియదు కాబట్టి కాస్త చెబుతాను. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి రాజ్యం ఏలుతున్నప్పుడు ఆ చెరువు తవ్వించాడు. అనంతరాజసాగరం దాని అసలు పేరు. 1369 నాటి శాసనం రెండు రాతిపలకల మీద ఇప్పటికీ ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాశారు. దానికన్నా నాకు ఇష్టమైన భాగం వేరే ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని వరసగా చెక్కించారు. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు ఉండాలి, నేల గట్టి బంకమన్ను అయి ఉండాలి, దూరం నుంచి పారి వచ్చే తియ్యటి నీళ్ల ఏరు ఉండాలి, దగ్గర్లో మంచి రాయి దొరకాలి, పని తెలిసిన మనుషుల గుంపు ఉండాలి. ఆరు వందల యాభై ఏళ్ల కిందటి మాట ఇది. ఆ చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది.

ఆ ఆరు దోషాలూ మా సీనరీకి వర్తింపజేశాను. కట్ట నుంచి నీళ్లు ఊరకూడదు. ఈ బొమ్మలో అసలు కట్టే లేదు. చౌడు నేల పనికిరాదు. సరే, చెట్లు బాగానే పెరిగాయి, వదిలేద్దాం. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదు. ఫ్రాన్సులో కూర్చుని చైనా అంటూ మొదలుపెట్టిన చెరువు, సరిహద్దులోనే ఉంది! చెరువు మధ్యలో తాబేలు వీపులాగా మెట్ట ఉండకూడదు. ఆ మండపం కూర్చున్నది సరిగ్గా ఆ మెట్ట మీదే. నీళ్లు తక్కువై తడపాల్సిన పొలం ఎక్కువ కాకూడదు, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కాకూడదు. ఇంత చెరువుకు ఈ బొమ్మలో ఒక్క మడి లేదు, ఒక్క తూము లేదు. గట్టున చాకిరేవు లేదు, గేదె లేదు, బిందె ముంచుకుని పోయే మనిషి లేదు. "ఇది చెరువే కాదు" అని తీర్పు చెప్పాను. అమ్మాయి పడీపడీ నవ్వింది.

అత్తమ్మ కుర్చీలో కూర్చుని అంతా వింటోందని మాకు అప్పుడు తెలిసింది.

"ఏమ్మే, ఆ బొమ్మలో బిందె మోసే ఆడమనిషి యాడన్నా ఉందా?" అంది.

"లేదత్తమ్మా, అదే కదా నేను చెప్పేది."

"నేనూ అదే చెప్తాండా. అందుకే కొన్నా."

తర్వాత కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఆమే మళ్లీ చెప్పింది. ఆమె పుట్టిల్లు పత్తికొండ పక్కన. నాకు చెరువుంది, ఆమెకు లేదు. ఊరికంతా ఒక దిగుడుబావి. ఎండాకాలం వస్తే పగలు అందులో నీళ్లుండవు, రాత్రికి ఊట దిగితే కడవ నిండేది. అందుకని ఆడపిల్లలు రాత్రి రెండు జాములకు చుట్టకుదురు, కడవ పట్టుకుని పోయి మెట్ల మీద వరసలో కూర్చునేవారు. ముందు వెళ్లినవాళ్లకు నీళ్లు, వెనక వెళ్లినవాళ్లకు బురద. ఒకసారి నిద్రలో తూగి మెట్టు మీద నుంచి జారితే కడవ పగిలిందట. కాలు బెణికినందుకు ఎవరూ ఏమీ అనలేదు, కడవ పగిలినందుకు వాళ్ల నాయన కొట్టాడు. అప్పుడు ఆమెకు పదకొండేళ్లు.

"నీళ్ల దగ్గర ఉత్తగా కూచున్న ఆడమనిషిని నేను ఆ బొమ్మలోనే చూసినా" అంది అత్తమ్మ. "గొడుగు పట్టుకోని, మెట్ల మీద. ఆమెకు కడవ లేదు, తొందర లేదు. అంగట్లో చూసినప్పుడు అనుకున్నా, ఈమె మా ఇంట్లో ఉండల్ల అని."

పాతికేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఈ మాట ఆమె నాకు చెప్పలేదు. చెప్పలేదనడం కన్నా నేను అడగలేదనడం న్యాయం.

ఇంకొకటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఆ బొమ్మ కింది అంచున గోధుమ రంగు చార ఒకటి ఉంది. మా కొడుకు 'మరక' అని వంక పెట్టింది దానికే. 2009 అక్టోబరు 2 రాత్రి తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలు మీద పడ్డప్పటి నీటిగీత అది. మా వీధి కాస్త మెరక కాబట్టి హాల్లోకి మనిషెత్తు నీళ్లతో సరిపోయింది. మేం మేడ మీద తలదాచుకున్నాం. నీళ్లు తీశాక కిందికి దిగితే ఇల్లంతా బురద, బియ్యం బస్తాలు కుళ్లిన వాసన, నా పుస్తకాల పెట్టె గుజ్జు గుజ్జు. ఎత్తుగా కొట్టిన మేకు వల్ల సీనరీ మిగిలింది, కింది అంచు మాత్రం తడిసింది. నేను పుస్తకాల కోసం ఏడుస్తుంటే అత్తమ్మ చీరకొంగుతో ఆ గాజు తుడిచి మళ్లీ అదే మేకుకు తగిలించింది. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఇంత నష్టంలో ఈమెకు ఈ బొమ్మ ఒకటా అని. కరువులో పుట్టి, వరదలో మునిగి, రెండిటికీ మధ్యన ఆమె దాచుకున్న ఒకే ఒక్క మంచి చెరువు అదని నాకు ఎందుకు తట్టలేదో!

ఇదంతా చెప్పింది మా అత్తమ్మ గొప్పదనం చాటడానికి అనుకోకండి. నాకు తోచిన మాట ఒకటుంది. ఫ్రాన్సు దొరసాని గోడ మీద ఆ చెరువు ఉండటానికి, మా అత్తమ్మ గోడ మీద ఉండటానికి తేడా ఉంది. ఆ దొరసానికి నీళ్లు తెచ్చిపెట్టే మనుషులు ఉన్నారు. ఉన్న తీరికను ఆమె బొమ్మలో మళ్లీ చూసుకుంది. మా అత్తమ్మ లేని తీరికను చూసుకుంది. బొమ్మ అదే, చూసే కళ్లు వేరు. నేను ఆ గులాబీ మబ్బుల మీద పెట్టిన లెక్క ఆ కళ్లను లెక్కలోకి తీసుకోలేదు. చదువుకున్నవాళ్లం మనం చేసే తప్పు తరచుగా ఇదే. వస్తువును తూస్తాం. అది ఎవరి చేతిలో ఉందో చూడం.

మావారు మరో వాదన పెట్టారు, అది కొట్టిపారేసేది కాదు. "బొమ్మ చెరువులను ముద్దు చేసుకునే కదా ఊళ్లో చెరువులు పూడ్చుకుంటున్నాం. పూడిక తీయడానికి పదిమంది రారు, ఫౌంటెన్ దగ్గర సెల్ఫీకి వందమంది వస్తారు" అన్నారు. నిజమే. చెరువు ఫోటో గోడకు పెట్టుకుని చెరువు శిఖంలో ప్లాటు కొనేవాళ్లను నేనూ చూశాను. కానీ ఆ తప్పు మా అత్తమ్మ సీనరీది ఎలా అవుతుంది? నీళ్ల విలువ తెలిసినవాళ్లే ఆ బొమ్మ కొన్నారు. చెరువులు పూడ్చినవాళ్ల ఇళ్లలో ఇప్పుడు సీనరీలు కూడా లేవు.

మన పెద్దలు రెండూ కావాలనుకున్నారు. సప్తసంతానాలని చదువుకున్నాం. కొడుకుతో పాటు తటాకం ఒక సంతానం, వనం ఒక సంతానం, కృతి ఒక సంతానం. చెరువు, తోట, కావ్యం ఒకే వరసలో. పొలానికి నీళ్లు ఎంత అవసరమో కంటికి అందం అంతే అని దాని అర్థంగా నాకు తోస్తుంది. నీళ్ల మధ్య మండపం మనకు కొత్త కూడా కాదు. తెప్పోత్సవాలు చేసే కోనేళ్ల మధ్యలో నీరాళి మండపాలు కట్టింది మనవాళ్లే. నంద్యాల పక్కన మహానందికి వెళ్లి చూడండి. కోనేట్లో అడుగున పడ్డ రూపాయి బిళ్ల కనిపించేంత తేట నీళ్లు, మధ్యలో మండపం, వెనక నల్లమల. అక్కడ నిండిన నీళ్లు బయటికి పారి పొలాలు తడుపుతాయి. శాసనం చెప్పిన మెట్ట దోషం పొలాలకు నీళ్లిచ్చే చెరువుకు. కోనేటికి మండపం సొగసే. నా తీర్పులో ఈ ముక్క నేను దాచాను, మా అమ్మాయే పట్టుకుంది.

సీనరీ మళ్లీ హాల్లోకే ఎక్కింది, అదే మేకు గుంటకు. కొడుకు కాస్త గొణిగాడు. ఎవరైనా వచ్చి నవ్వితే వాళ్లకు పత్తికొండ దిగుడుబావి కథ చెప్పు అన్నాను. అమ్మాయి ఫ్రేము మార్పిస్తానంది. గోధుమ చార మాత్రం తుడపవద్దని అత్తమ్మ, నేను ఇద్దరం ఒక్కసారే అన్నాం. మా ఇద్దరి మాట ఒక్కటైన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇదొకటి.

నేను మిమ్మల్ని అడిగేది చిన్న సంగతే. ఇంటికి రంగులు వేయించేటప్పుడు పెద్దవాళ్ల గోడ ఖాళీ చేసేముందు ఒక పూట వాళ్ల పక్కన కూర్చోండి. "ఇది ఉంచేదా, తీసేదా" అని అడిగితే "నాదేముంది" అనే అంటారు. అలా అడగకండి. "ఇది ఎప్పుడు కొన్నావు, ఎందుకు కొన్నావు" అని అడగండి. ఆ తర్వాత కూడా తీసేయాలనిపిస్తే తీసేయండి, మీ ఇల్లు మీ ఇష్టం. నాకైతే ఇప్పుడు సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకుని అత్తమ్మ పక్కన కూర్చుంటే ఆ మండపం మెట్ల మీద గొడుగు పట్టుకున్నామె కనిపిస్తుంది. మబ్బులు ఇప్పటికీ గులాబీ రంగులోనే ఉన్నాయి, ఆ రంగు నాకు ఇప్పటికీ నచ్చదు. ఆమె అలా ఉత్తగా కూర్చుని ఉండటం మాత్రం నచ్చుతోంది.